ఎక్కువొచ్చిన పింఛను మీద దశమభాగం

మా అత్తగారింట్లో అన్నదమ్ములిద్దరూ సైన్యంలో పనిచేశారు. ఇద్దరూ హవల్దార్లుగానే బయటికి వచ్చారు. అన్నకు నేను భార్యను, తమ్ముడి భార్య మా తోడికోడలు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మేమిద్దరం కుటుంబ పింఛను మీద బతుకుతున్నాం. ఇళ్లు పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. కృష్ణపట్నం రేవుకు పోయే లారీల రోడ్డు మా వీధి చివరే కాబట్టి ఇద్దరి గుమ్మాల మీదా ఒకే నల్లదుమ్ము పడుతుంది. నేను రోజుకు రెండుసార్లు తుడుస్తాను. ఆమె వారానికి రెండుసార్లు తుడుస్తుంది. మా ఇద్దరికీ ఉన్న తేడా చాలావరకు ఇదే.

కుటుంబ పింఛను గురించి బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పింఛను తీసుకుంటున్న సైనికుడు చనిపోతే అతని భార్యకు మొదట్లో కొన్నేళ్లు ఎక్కువ రేటున ఇస్తారు. మా ఇద్దరి విషయంలో అది ఏడేళ్లు. ఆ తర్వాత మామూలు రేటుకు దిగుతుంది. ఐదు రూపాయలు వచ్చేచోట మూడు వస్తాయి. ఏ తేదీ వరకు ఎక్కువ, ఏ తేదీ నుంచి తక్కువ అనేది మంజూరు కాగితంలోనే రాసి ఉంటుంది. మా ఆయన పోయిన ఏడేళ్లకు, ఆ తేదీ నుంచే నాకు తగ్గింది. నేను దానికి ఏడాది ముందే మూడు రూపాయలతో బతకడం అలవాటు చేసుకుని, మిగతా రెండూ పోస్టాఫీసులో వేస్తూ వచ్చాను. అందువల్ల తగ్గిన నెలలో మా వంటింట్లో ఏమీ మారలేదు.

మా మరిది మా ఆయన తర్వాత రెండేళ్లకు పోయాడు. కాబట్టి మా తోడికోడలికి తగ్గవలసిన నెల కూడా నాకు తెలుసు. ఆ నెల వచ్చింది. నేను గోడ దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఈ నెల పింఛనెంత పడింది మే?"

"ఎప్పుడూ పడేదే. ముప్పై."

"తగ్గాల గదా. ఏడేళ్లు అయిపోయినాయి."

"తగ్గలా అక్కా. నువ్వెందుకు దిగులు పడతావు?"

"పద్దెనిమిదే నీది. పన్నెండు వేలు ఎక్కువొచ్చినాయి. బ్యాంకుకు పోయి చెప్పు. చెప్పకపోయినా పర్లేదు, ఆ పన్నెండు మాత్రం ముట్టుకోబాక."

ఆమె చేటలోని బియ్యం చెరుగుతూనే నవ్వింది. "నీకు తగ్గింది గదా. నాకూ తగ్గితేగాని నీకు అన్నం సయించదు."

కరువు భత్యం ఆరు నెలలకోసారి మారుతుంది కాబట్టి ఇక్కడ అంకెలు వేలకు సర్ది రాస్తున్నాను. అసలు అంకెలు కావలసినవాళ్లకు చూపించగలను.

తర్వాతి వారం నేనే ఆమెను నెల్లూరు తీసుకెళ్లాను. ఆమె పింఛను ఖాతా ఉన్న బ్యాంకు నాది కాదు, వేరేది. కౌంటరులో ఉన్న అబ్బాయి మా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం కావాలమ్మా? పింఛను పెంచాల్నా?"

"తగ్గించాల," అన్నాను.

అతను పక్క కౌంటరు వైపు తిరిగి, "అన్నా, ఇట్రా, పింఛను తగ్గించమని వచ్చినారు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. కంప్యూటరులో ఎంత చూపిస్తే అంత పడుతుందని, తగ్గవలసి ఉంటే అదే తగ్గుతుందని చెప్పి పంపారు. నేను ఒక అర్జీ రాసి ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకున్నాను. తిరుగు బస్సు వెంకటాచలం దాటాక మా తోడికోడలు నావైపు తిరిగింది.

"బ్యాంకోళ్లే ఉంచుకోమంటుండారు. దేవుడు వితంతువుకిచ్చింది నువ్వెందుకు లాక్కుంటావు?"

"దేవుడిచ్చేది బ్యాంకు ఖాతాలో పడదు."

"పడినాదిగా," అంది.

నేను అర్జీ నకలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ అర్జీకి జవాబే రాలేదు.

ఆ నెలతో కలిపి ఇరవై ఆరు నెలలు ఆమెకు ముప్పై వేలు పడుతూనే వచ్చాయి. ఆమె ఆ డబ్బుతో జల్సా చేసిందని నేను అనను. వంటింటికి రేకులు తీయించి స్లాబు వేయించింది. మనవరాలిని, అంటే కొడుకు కూతురిని, నెల్లూరులో నర్సింగు కోర్సులో చేర్చింది. కొడుకు రేవులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఓడలు ఉంటే కూలి ఉంటుంది, లేకపోతే లేదు. ఫీజు ఎలాగో అతనే కట్టుకున్నాడు. నెలనెలా హాస్టలుకు, మెస్సుకు అయ్యే ఐదు వేలు మాత్రం నాయనమ్మ భారం.

వీటన్నిటికంటే ముందు తీసేది ఇంకొకటి ఉంది. మేము క్రైస్తవులం. మా సంఘంలో చాలామంది చేతికొచ్చిన దానిలో పదోవంతు దశమభాగమని దేవునికి ఇస్తారు. ఇవ్వనివాళ్లూ ఉన్నారు. మా తోడికోడలు ఆ విషయంలో తప్పినట్టు నేను చూడలేదు. పింఛను పడిన మర్నాడే పదోవంతు తీసి కానుక కవరులో పెట్టి, కవరును బైబిలులో పెట్టేస్తుంది. ముప్పై వేలకు మూడు వేలు. ఆ కవర్లు విప్పి లెక్క రాసేది నేనే. చర్చికి పద్నాలుగేళ్లుగా కోశాధికారిని. మా ఆయన సరిహద్దులో ఉన్న రోజుల్లో పంపిన మనియార్డర్లకు, సెలవులో వచ్చినప్పుడు పైసలతో సహా లెక్క అడిగేవాడు. ఆ అలవాటు నాకు ఇలా పనికొచ్చింది.

పింఛన్లన్నీ బ్యాంకుల చేతిలోంచి కొత్త కంప్యూటరు పద్ధతిలోకి మారినప్పుడు ఆమె సంగతి బయటపడింది. ఒక నెల ఖాతాలో పన్నెండు వేలే పడ్డాయి. ఆమె గోడ దగ్గరికి రాలేదు. గేటు తీసుకుని, చెప్పులతోనే మా వరండాలోకి వచ్చింది.

"అక్కా, సగం కూడా పడలా."

ఆమె చేతిలో పింఛను ఆఫీసునుంచి వచ్చిన కాగితం చూశాను. ఎక్కువ ఇచ్చిన మొత్తం మూడు లక్షల పన్నెండు వేలు. ఆమెకు న్యాయంగా రావలసిన పద్దెనిమిది వేలలోంచి మూడోవంతు, అంటే ఆరు వేలు, నెలనెలా పట్టుకుంటారు. యాభై రెండు నెలలు.

మర్నాడు ఇద్దరం నెల్లూరులో మాజీ సైనికుల పనులు చూసే కార్యాలయానికి వెళ్లాం. అక్కడి గుమాస్తా తానూ సైన్యంలో పనిచేసినవాడే. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. మాఫీకి అర్జీ పెట్టుకోవచ్చునని, అది పైకి పోయి తిరిగొచ్చేదాకా కోత ఆగదని చెప్పాడు. నా పాత అర్జీ నకలు కూడా జతచేసి పెట్టాం. మాఫీ వస్తుందని ఆయన అనలేదు, రాదనీ అనలేదు.

ఇంటికొచ్చి ఆమె ఖర్చు రాసి చూశాను. సరుకులకు, కరెంటుకు, గ్యాసుకు, చేపలకు, కొడుకింట్లో ఇచ్చేదానికి కలిపి ఆరు వేల ఎనిమిది వందలు. అంతకు దించడానికే గంట వాదించాల్సి వచ్చింది. హాస్టలుకు ఐదు వేలు. రెండు వందలు మిగులుతాయి. దశమభాగం పద్దెనిమిది వందలు ఎక్కడినుంచి వస్తుంది?

"చేతికి పన్నెండే గదా. పన్నెండు వందలియ్యి," అన్నాను.

"నా పింఛను పద్దెనిమిది. అప్పు తీర్చుకుంటుండామని దేవునికి తగ్గిస్తామా?"

"పన్నెండు వందలకైనా వెయ్యి తక్కువవుతుంది."

"అయితే పిల్లను ఇంటికి తెచ్చుకుంటా."

"కోర్సు ఇంకా పదహారు నెలలుండాది. ఇప్పుడు మానిపిస్తే కట్టిన ఫీజు కూడా నీళ్లపాలు."

"పోతే పోనీ. పెండ్లి చేస్తాం."

ఆమె ఊరికే అనే మనిషి కాదు. మంగళవారం పిల్ల ఇంటికి వచ్చింది. పెట్టెలో సగం బట్టలతో వచ్చింది. నాయనమ్మ ఫోనులో ఏం చెప్పిందో గానీ, నా దగ్గరికి వచ్చి నిలబడి, "పెద్దనాయనమ్మా, మిగతావి తెచ్చేదానికి సోమవారం పోవాల్నా?" అని మాత్రం అడిగింది. ఆ నెల మెస్సు డబ్బు పదో తేదీలోపు కట్టాలి. ఇప్పుడే తేవద్దని చెప్పాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం భోజనం చేశాక నాకు లెక్క తట్టింది. నిజానికి అది మొదటే తట్టవలసిన లెక్క. ఆమె ఇరవై ఆరు నెలలపాటు నెలకు మూడు వేలు ఇచ్చింది. ఇవ్వవలసింది పద్దెనిమిది వందలు. తనది కాని డబ్బు మీద నెలకు పన్నెండు వందలు ఎక్కువ ఇచ్చింది. మొత్తం ముప్పై ఒక్క వేల రెండు వందలు. పద్దెనిమిది వందల చొప్పున చూస్తే రాబోయే పదిహేడు నెలల దశమభాగం, పైన ఆరు వందలు, ఆమె ఇప్పటికే కట్టేసింది. పిల్ల కోర్సు పదహారు నెలలు.

సంఘపెద్దల సమావేశంలో ఈ మాట పెట్టాను. రొయ్యల మేత కొట్టు నడిపే పెద్ద ఒకాయన ఉన్నాడు. అన్నిటికీ ఎగతాళి చేస్తాడు గానీ కష్టమొస్తే ముందు వచ్చేదీ ఆయనే.

"అక్కా, ఆ డబ్బుతోనే గదా చర్చికి ఫ్యాన్లు బిగించినాం," అన్నాడు. "ఇప్పుడు విప్పి ఆమెకిచ్చేద్దామా? నాలుగు ఫ్యాన్లు. ఎండాకాలం అయినాంక విప్పితే మేలు."

"విప్పమనలా. తిరిగియ్యమనీ అనలా. ముందే కట్టినట్టు రాసుకుందామంటుండా."

"దేవునికాడ అడ్వాన్సు! మా కొట్టులో రైతులు అప్పే పెడతారు గానీ అడ్వాన్సు ఎవరూ ఇయ్యరు. నువ్వు దేవునికి కూడా కాతా పుస్తకం పెట్టినావు."

పాస్టరుగారు వయసులో మాకంటే చాలా చిన్నవాడు. మెల్లగా మాట్లాడతాడు. "అది ఆమె ఆదాయం కానప్పుడు, దాని మీద దేవునికి భాగం లేదు కదమ్మా," అన్నాడు. "ఇచ్చింది ప్రేమతోనే ఇచ్చింది. కానీ లెక్క ప్రకారం కోశాధికారిగారు చెప్పింది సరే. ఆమె ఒప్పుకుంటే రాసుకోండి."

ఆమె ఒప్పుకోవాలి, అదే చిక్కు. పాస్టరుగారు స్వయంగా వాళ్లింటికి వెళ్లి చెప్పాడు. ఆమె కాఫీ ఇచ్చింది, మర్యాదగా విన్నది, "ఆమె చెప్పమన్నది మీరు చెప్తుండారయ్యగారూ," అంది. ఆయన వీధి మలుపు తిరగ్గానే గోడ మీదుగా నన్ను పిలిచింది.

"నా పరువు తీసేదానికి కమిటీ కూడా పెట్టినావా?"

"పరువు మాట కాదు. లెక్క మాట."

"నీకు ఏడుపొచ్చినా లెక్కే. మీ ఆయన పోయిన రోజు కూడా సమాధిపెట్టె ఖరీదు రెండుసార్లు అడిగినావు."

"రెండోసారి వాడు వేరే ధర చెప్పినాడు గాబట్టి అడిగినా."

ఆమెకు నవ్వు రాబోయింది. ఆపుకుంది. అప్పుడు నేను ఇంకొక మాట అన్నాను. అది ముందే ఆలోచించి పెట్టుకున్నదేమీ కాదు.

"మీ ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా అడ్వాన్సు జీతం తెచ్చేవాడు, జ్ఞాపకముండాదా?"

"ఎందుకు లేదు. ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకోనొచ్చేవాడు."

"తిరిగి పోయినాంక మనియార్డరు సగమే వచ్చేది. మూడు నాలుగు నెలలు. అప్పుడు నువ్వు జీతం ఎగ్గొట్టినారని అన్నావా?"

"ఎట్టంటా? ముందే తినేసినాం గదా."

"అడ్వాన్సు కోత అయ్యేదాకా ఎవరైనా ఆయన్ని పని ఎగ్గొట్టినోడన్నారా?"

ఆమె గోడ మీద ఆరేసిన మిరపకాయలు కాసేపు సర్దింది. సైన్యంలో ఇంటివాళ్లకు అర్థమయ్యే సంగతి ఇది. సెలవుకు వచ్చేవాడు రాబోయే నెలల జీతంలో కొంత ముందే తీసుకుని వస్తాడు. ఇక్కడ ఊళ్లో నెలన్నర రాజులా ఖర్చుపెడతాడు. తిరిగి వెళ్లాక నెలల తరబడి చేతికి తక్కువ వస్తుంది. ఆ తక్కువ జీతం చూసి ఏ భార్యా సిగ్గుపడలేదు. మా ఇద్దరికీ ఆ నెలలు బాగా తెలుసు. ఆ నెలల్లో ఒకరి దగ్గర ఒకరం బియ్యం చేబదులు తెచ్చుకున్నాం. నేను కొలిచి ఇచ్చేదాన్ని. ఆమె చేతికొచ్చినంత ఇచ్చేది.

"అయితే కవరు పెట్టేది లేదా?" అని అడిగింది చివరికి.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. నెల మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, దశమభాగం కవర్లు విప్పి ఎవరిది ఎంతో గట్టిగా చదువుతారు. మంచిదో చెడ్డదో నాకు తెలియదు, నేను రాకముందునుంచీ ఉంది. కొందరు పాస్టర్లు మాన్పించాలని చూశారు, సంఘం ఒప్పుకోలేదు. చదివేది కోశాధికారి.

"కవరు పెట్టకపోతే నీ పేరు చదవను," అన్నాను. "అంతే."

"పేరు చదవకపోతే ఎగ్గొట్టిందంటారు. ఉత్త కవరు పెడితే?"

"పేరు చదువుతా. సున్నా అని చదువుతా."

"పక్కన ఇంకేమన్నా చెప్తావా? ముందే కట్టిందనీ, అదనీ ఇదనీ?"

"కవరులో ఏముంటే అదే చదివేది. అందరికీ అట్లాగే."

"పది రూపాయలన్నా పెడితే పోలా?"

"పెట్టు. పది అని చదువుతా. ఆ పది రూపాయలు పదిహేడో నెల తర్వాత ఎక్కువ కింద మిగులుతాయి, ఆరు వందల పది అవుతుంది."

"తూ, నీతో మాట్లాడేదానికన్నా రాయితో మాట్లాడేది మేలు," అని లోపలికి వెళ్లిపోయింది. పిల్లను సోమవారం మిగతా బట్టలు తెమ్మంటుందా, వద్దంటుందా అన్నది ఆ మాటలో తేలలేదు. నేను అడగలేదు.

ఆ ఆదివారం చర్చి నిండా జనమే. మా తోడికోడలు ఎప్పటిలాగే ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చుంది, పక్కన మనవరాలు. కానుకల సంచి తిరిగినప్పుడు ఆమె బైబిలు తెరిచి కవరు తీసి వేయడం నేను చూశాను. ఆరాధన అయ్యాక బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటే విప్పి చదవడం మొదలుపెట్టాను. రెండు వేల వంద. ఆరు వందలు. నాలుగు వేలు. అది మేత కొట్టు పెద్దాయనది. తర్వాత చేతికి వచ్చిన కవరు పలచగా ఉంది. మీద ఆమె పేరు, ఆ నెల పేరు, ఆమె గుండ్రటి చేతిరాతలో. అతికించి ఉంది. విప్పాను. తిరగేసి చూశాను. అలవాటు ప్రకారం రెండోసారి కూడా చూశాను.

పేరు చదివాను. "సున్నా," అన్నాను.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలోని ఒకావిడ మొత్తంగా వెనక్కి తిరిగి చూసింది. మా తోడికోడలు తల వంచలేదు. నేనూ ఆగలేదు. తర్వాతి కవరు విప్పాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే మేత కొట్టు పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. "సున్నాను కూడా అంత గట్టిగా చదవాల్నా అక్కా? రేవు దాకా వినిపించింది."

"అంకె ఏదైనా అదే గొంతు," అన్నాను.

మా తోడికోడలు మా పక్కనుంచే నడిచి వెళ్లింది. ఆయన్ని చూసి, "నీ నాలుగు వేలు మాకెవరికీ వినిపించలా అన్నా, ఈసారి నువ్వే చదువు," అంది. ఆయన నవ్వుతూ చేతులు జోడించాడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటి బస్సుకు నాయనమ్మా మనవరాలూ బయలుదేరారు. పిల్ల చేతిలో మంగళవారం తెచ్చిన పెట్టె, అవే బట్టలు, పైన కట్టిన పచ్చడి డబ్బా. నేను గుమ్మం తుడుస్తున్నాను. మా తోడికోడలు గేటు దగ్గర ఆగి, జాకెట్టులోంచి మడిచిన నోట్లు తీసి నా ముందే లెక్కపెట్టింది. ఐదు వందలవి పది.

"పదుండాయా?"

"ఉండాయి. రసీదు తెచ్చుకో," అన్నాను.

"తెస్తాలే," అంది. "నీకు చూపియ్యకపోతే నన్ను అన్నం తిననియ్యవు గదా."

పిల్ల బస్సు వస్తోందని కేక వేసింది. ఇద్దరూ లారీల మధ్యలోంచి రోడ్డు దాటారు.